నీటి ఒడ్డున ఇల్లు: విశాఖలో సంపన్నులు అడిగేదేమిటి, కాగితాలు చెప్పేదేమిటి

విశాఖపట్నంలో ఖరీదైన ఇళ్ల ప్రకటనలు ఏవి తీసినా ఒక మాట తప్పకుండా ఉంటుంది: వ్యూ. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు సీ వ్యూ. ముడసర్లోవ, పెందుర్తి, ఆనందపురం వైపు లేక్ వ్యూ. రెండూ లేనిచోట హిల్ వ్యూ. గల్ఫ్‌లో పాతికేళ్లు పనిచేసి తిరిగొచ్చినవాళ్లు, స్టీల్‌ప్లాంటులో పెద్ద హోదాలో రిటైరైనవాళ్లు, షిప్పింగ్, ఫార్మా వ్యాపారాల్లో సంపాదించినవాళ్లు ఈ మాటకే ఎక్కువ డబ్బు పెడుతున్నారు. వాళ్లలో మన కుటుంబాలూ ఉన్నాయి.

అయితే నీళ్లను ఎవరూ కొనలేరు. కొనేది నీటి పక్కన కొంత నేలను, నీటి వైపు తెరుచుకునే ఒక కిటికీని. ఆ నేల ఎవరిది, ఆ కిటికీ ముందు రేపు ఏం లేస్తుంది అన్న రెండు ప్రశ్నల మీదే కోట్ల రూపాయలు ఆధారపడి ఉంటాయి. పాలరాయి, ఇటాలియన్ కిచెన్ లాంటివన్నీ వాటి తర్వాతే.

ధనవంతులు నిజంగా అడిగేవి

డబ్బున్న కొనుగోలుదారు మొదట అడిగేది ఇంటి విస్తీర్ణం కాదు. నీళ్లు ఏ గదిలోంచి కనిపిస్తాయని అడుగుతాడు. ఒక్క బాల్కనీ చివర నిలబడి మెడ చాపితే కనిపించేదాన్ని కూడా బిల్డర్లు వ్యూ కిందే అమ్ముతారు. తెలిసినవాళ్లు హాలు, మాస్టర్ బెడ్‌రూమ్, వంటగది మూడింట్లోనూ కూర్చుని చూస్తారు. నిలబడి కాదు, కూర్చుని. బాల్కనీ పిట్టగోడ ఎత్తుగా ఉంటే నిలబడినప్పుడు కనిపించిన చెరువు సోఫాలో కూర్చోగానే మాయమవుతుంది.

తర్వాత అడిగేది జనం తక్కువగా ఉండాలని. ఫ్లోరుకు ఒకటో రెండో ఇళ్లు, లిఫ్టు నేరుగా ఇంటి ముంగిట ఆగడం, పనివాళ్లకు వేరే దారి, మూడు కార్ల పార్కింగు, ఇల్లంతటికీ సరిపోయే జనరేటరు. కరోనా తర్వాత ఇంట్లో ఆఫీసు గది కూడా ఇందులో చేరింది. ముసలి తల్లిదండ్రులున్నవాళ్లు విల్లాలో కింది అంతస్తులోనే అటాచ్డ్ బాత్రూముతో ఒక గది కావాలంటారు. క్లబ్ హౌస్, ఈత కొలను గురించి బిల్డరు ఎంత ఊదరగొట్టినా, కొనేవాళ్లు వాటిని వాడేది తక్కువే. మెయింటెనెన్స్ బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది.

యూరప్, అమెరికా సరస్సుల దగ్గర కథ వేరు. అక్కడ ఒడ్డు ఎన్ని అడుగులు సొంతం, పడవ కట్టుకునే రేవు ఉందా, ఒడ్డున నీటి లోతెంత అన్నవాటిని బట్టి ధర ఉంటుంది. దుబాయ్‌లో జుమేరా లేక్స్ టవర్స్ లాంటివి చూసి వచ్చినవాళ్లకు ఇంకో లెక్క ఉంటుంది. అక్కడ ముందు కట్టడాల ప్లాను, దానికోసం తవ్విన నీళ్లు. విశాఖలో నీళ్లు ముందు నుంచే ఉన్నాయి, అవి ఇళ్ల కోసం పుట్టినవి కావు. అందుకే ఇక్కడ పడవ రేవు ఉన్న ఇల్లు అంటూ ఎవరైనా అమ్మబోతే వెంటనే అనుమానించాలి.

ఖిబ్లా, పర్దా, దేగ్

మన కుటుంబాల కోరికల్లో కొన్ని ఏ బ్రోషరులోనూ ఉండవు. విశాఖ నుంచి మక్కా దిశ సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి సుమారు 12 డిగ్రీలు ఉత్తరం వైపుకు. సముద్రం తూర్పు, ఆగ్నేయం వైపు ఉంటుంది. అంటే సముద్రం చూసే ఇంట్లో నమాజుకు నిలబడితే నీళ్లు వీపు వెనక ఉంటాయి. అది మంచిదే, మనసు చెదరదు. చిక్కు ఇంకోచోట ఉంది. బిల్డర్లు వ్యూ ఉన్న తూర్పు వైపుకి హాలు, పడకగదులు ఇచ్చేసి, పడమటి గోడ వైపు లిఫ్టు, మెట్లు, బాత్రూములు తోసేస్తారు. నమాజుకు ప్రశాంతమైన మూల మిగలదు, కమోడ్లు కొన్నిసార్లు సరిగ్గా ఖిబ్లాకు ఎదురుగానో వీపుగానో పడతాయి.

ఇది ప్లాను దశలోనే చూసుకోవాల్సిన సంగతి. స్లాబు పడ్డాక కమోడ్ దిశ మార్చాలంటే కింద పైపులు, డ్రైనేజీ షాఫ్టు అన్నీ అడ్డొస్తాయి. ప్లాను కాగితం మీద ఉత్తర దిశ బాణం ఉంటుంది, దానిని బట్టి ఖిబ్లా గీత గీసుకుంటే పది నిమిషాల పని. ఫోను దిక్సూచి కట్టడం లోపల ఇనుము వల్ల తప్పు చూపిస్తుంది, ఆరుబయటికి వచ్చి చూడాలి. ఈ ఊళ్లో అమ్మకాలన్నీ వాస్తు పేరు మీద సాగుతాయి కాబట్టి దిక్కుల గురించి అడిగితే ఏ సేల్స్ కుర్రాడూ వింతగా చూడడు.

పర్దా సంగతి. నేల నుంచి పైకప్పు దాకా అద్దం అంటే పగలు బాగుంటుంది. చీకటి పడి లోపల లైటు వేయగానే చెరువు గట్టు మీద నడిచేవాళ్లకు ఇల్లంతా సినిమాలా కనిపిస్తుంది. ఒకవైపు నుంచే కనిపించే ఫిల్మ్ వేయిస్తామని చెబుతారు. అది బయట వెలుతురు ఎక్కువగా ఉన్నంతసేపే పనిచేస్తుంది, రాత్రి తిరగబడుతుంది. హైదరాబాదు పాత దేవిడీల్లో వెలుతురు లోపలి పెరటిలోంచి వచ్చేది, వీధి వైపు గోడ. ఇప్పుడు కొందరు విల్లా కొనేవాళ్లు ఆ పద్ధతే అడుగుతున్నారు: నీటి వైపు ఒక్క పెద్ద గది అద్దాలతో, మిగతా ఇల్లు లోపలి ఆవరణ చుట్టూ. ఖర్చు పెరగదు, ఆర్కిటెక్టు వినాలి అంతే.

వంట కూడా. దావత్ అంటే దేగ్ దింపాలి, దానికి బయట గాలి ఆడే రెండో వంటగది కావాలి. గేటెడ్ కమ్యూనిటీల నియమావళిలో బక్రీదు ఖుర్బానీ గురించి, మాంసం వ్యర్థాల గురించి, ఒక్కోసారి అతిథుల సంఖ్య గురించి కూడా నిబంధనలు ఉంటాయి. అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ కాపీ అడిగి చదవాలి. గృహప్రవేశం అయ్యాక గొడవపడేకంటే అది నయం. మస్జిదు నడిచి వెళ్లేంత దూరంలో ఉందా అన్నది ఎవరికివారు తేల్చుకోవాల్సింది. రుషికొండ, భీమిలి దారుల్లో వెలిసే కొత్త లేఅవుట్లకు దగ్గరలో అది ఉంటుందని అనుకోకూడదు.

విశాఖ చెరువులు ఎవరివి

నీటిని చూస్తూ బతకడం ఈ ఊరికి కొత్త కాదు. హార్బరు ముఖద్వారం పైన కొండల మీద గుడి, చర్చి, ఇసాక్ మదీనా దర్గా పక్కపక్కనే ఉన్నాయి. దర్గా ముందు నుంచి వెళ్లే ఓడలు జెండాను మూడుసార్లు ఎత్తి దించి సలాం చేసేవని పాతకాలం నుంచి చెబుతారు. జయపురం రాజుల హవా మహల్ బీచ్ రోడ్డు మీద ఇప్పటికీ ఉంది. కానీ అవన్నీ సముద్రం వైపు. చెరువు ఒడ్డున విలాసవంతమైన ఇల్లు అన్న ఆలోచన కొత్తది, ఇక్కడి నేలకు అంతగా అతకనిది.

ఎందుకంటే విశాఖ చుట్టూ ఉన్న పెద్ద నీటి వనరులు దాదాపు అన్నీ ఏదో ఒక పనికి కట్టినవే. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ నగరానికి తాగునీరు ఇచ్చే జలాశయాలు. గోస్తనీ నది మీది తాటిపూడి విజయనగరం జిల్లాలో ఉన్నా దాని నీళ్లూ విశాఖ కుళాయిలకే వస్తాయి. కణితి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఏలేరు కాలువ నీటిని స్టీల్‌ప్లాంటు కోసం నిలవ చేస్తుంది. సింహాద్రి థర్మల్ ప్లాంటుకు తన రిజర్వాయరు ఉంది. సహజంగా ఏర్పడిన పెద్ద మంచినీటి సరస్సు కావాలంటే అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవకు వెళ్లాలి. తాటిదోనెలు, తామరలు, శీతాకాలపు వలస పక్షులు ఉండే చోటు అది. దాని అందమంతా చుట్టూ భవంతులు లేకపోవడంలోనే ఉంది.

జలాశయం ముందున్న దృశ్యం ఎప్పటికీ అలాగే ఉండాలన్న రూలు కూడా లేదు. 2018లో ముడసర్లోవ నీటి మీద 2 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు పెట్టారు. సింహాద్రి రిజర్వాయరులో 2021 ఆగస్టులో 25 మెగావాట్ల ప్లాంటు మొదలైంది, అప్పటికి దేశంలో ఆ రకంలో అదే పెద్దది. కరెంటు అవసరం, మంచి పని. కాకపోతే నీలం నీళ్ల కోసం డబ్బు కట్టినవాడికి కిటికీలోంచి కనిపించేది నల్లటి పలకలు.

అంతకంటే పెద్ద చిక్కు నేలది. ముడసర్లోవ దాటగానే వచ్చే అడవివరం, మేఘాద్రిగెడ్డ దిక్కున ఉన్న వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం కలిపి పంచగ్రామాలు అంటారు. ఈ ఐదు గ్రామాల్లోని భూముల మీద సింహాచలం దేవస్థానానికి, అక్కడ తరతరాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటున్నవాళ్లకు మధ్య వివాదం దశాబ్దాలుగా నడుస్తోంది. అక్కడ ఇల్లున్నవాళ్లు కూతురి పెళ్లికి అమ్మాలన్నా, బ్యాంకులో పెట్టాలన్నా ఇబ్బందే. లేక్ వ్యూ అని పిలిచే స్థలం ఈ గ్రామాల సర్వే నంబర్లలో పడుతుందేమో చూడటం విశాఖలో మొట్టమొదటి పని. నోటరీ కాగితం మీద అమ్ముతామంటే, రిజిస్ట్రేషన్ ఎందుకు కాదో అడగాలి.

ముప్పై మీటర్లు, తొమ్మిది మీటర్లు

చెరువు ఎక్కడ ముగుస్తుంది? ఎండాకాలంలో కనిపించే నీటి అంచు దగ్గర కాదు. నిండా నిండినప్పుడు నీళ్లు నిలిచే గీతను ఫుల్ ట్యాంక్ లెవెల్, ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ గీత లోపల ఉన్నదంతా చెరువే, నీళ్లు ఉన్నా లేకున్నా. ఏప్రిల్, మే నెలల్లో స్థలం చూపించే ఏజెంట్లు దీన్ని బాగా వాడుకుంటారు. పొడి నేల, ఎదురుగా కాస్త దూరంలో నీళ్లు, చల్లగాలి. అక్టోబరు వాయుగుండం వచ్చాక అదే చోట మోకాలి లోతు నీళ్లుంటాయి.

ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాల ప్రకారం (2012లో జీవో 168, ఆ తర్వాత 2017లో జీవో 119) పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్ల వరకు కట్టడాలు కూడదు. పది హెక్టార్లలోపు చెరువులు, కుంటలకు ఇది 9 మీటర్లు. వాగులు, కాలువలకు కూడా వేరే కొలతలున్నాయి. నది అయితే పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100. ఈ జాగాను పచ్చదనానికి, నడకదారులకు వదలాలి. అంటే చట్టబద్ధంగా కట్టిన ఏ విల్లా కూడా నీళ్లను తాకుతూ ఉండదు. మధ్యలో జనం నడిచే దారి ఉండటం సహజం. నీటి అంచునే ఇల్లు అని చెప్పినవాడు ఈ 30 మీటర్లను మింగేసి ఉండాలి, లేదా అబద్ధమైనా చెప్పి ఉండాలి.

సముద్రం వైపు లెక్క వేరు. అక్కడ తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు, సీఆర్‌జెడ్, ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల దాకా వర్తిస్తాయి. నగరంలో ముందే కట్టడాలతో నిండిన ప్రాంతంలో, ఉన్న రోడ్డుకు లేదా ఉన్న అధీకృత కట్టడాలకు నేల వైపునే కొత్తవి కట్టాలి. బీచ్ రోడ్డుకు సముద్రం వైపు కొత్త ఇల్లు అమ్ముతామనడం అందుకే అనుమానించాల్సిన మాట.

నీటి చుట్టూ కొంత నేలను ఎవరూ ఆక్రమించకుండా వదలడం మన ఫిఖ్‌కు కొత్త విషయం కాదు. దానికి హరీం అని పేరే ఉంది. పశువులకు నీళ్లు తాపే బావికి చుట్టూ 40 మూరలు హరీం అని హనఫీ ఫఖీహులు రాశారు, ఒట్టోమాన్ల మజల్లాలోనూ అదే కొలత ఉంది. ఆ పరిధిలో మరొకరు తవ్వకూడదు, కట్టకూడదు. నీరు, గడ్డి, నిప్పు అందరి ఉమ్మడి సొత్తన్న హదీసు చాలామందికి తెలుసు. బఫర్ జోన్‌ను ప్రభుత్వం పెట్టిన అడ్డంకిగా మాత్రమే చూసే పెద్దమనుషులకు ఈ సంగతి గుర్తుచేయవచ్చు.

నియమాలు కాగితం మీదే ఉంటాయిలే అనుకునే రోజులు పోయాయని హైదరాబాదు చూపించింది. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ రెండింటిని కాపాడేందుకు 1996లో జీవో 111తో పది కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలకు పగ్గాలు వేశారు. వాటి అందమే చుట్టుపక్కల ధరను పెంచింది: గండిపేటకు దగ్గరలోని కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ మరుసటి ఏడాది జూలైలో హైడ్రా ఏర్పడింది. 2024 ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట ఒడ్డున ఒక ప్రముఖ సినీ నటుడి కన్వెన్షన్ సెంటరును ఎఫ్‌టీఎల్, బఫర్‌లో ఉందంటూ కూల్చేశారు. అంత పేరు, పలుకుబడి ఉన్నవాడి కట్టడమే కొన్ని గంటల్లో నేలమట్టమైంది. విశాఖలో హైడ్రా లేదు. కానీ చెరువులు, ఉమ్మడి భూములను ఆక్రమించినవాళ్లకు క్రమబద్ధీకరణ ఇవ్వకూడదన్న 2011 నాటి జగ్‌పాల్ సింగ్ కేసు సుప్రీంకోర్టు తీర్పు దేశమంతటికీ వర్తిస్తుంది.

వ్యూ మీద హక్కు ఎవరికీ లేదు

పదిహేనో అంతస్తు నుంచి చెరువు కనిపిస్తుందని కొన్నారు. మూడేళ్లకు ముందు స్థలంలో ఇరవై అంతస్తులు లేచాయి. కోర్టుకు వెళ్తే ఏమవుతుంది? 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు నిరాటంకంగా కిటికీలోకి వచ్చిన వెలుతురు, గాలి మీద హక్కు కలగవచ్చు. కనిపించే దృశ్యం మీద అలాంటి హక్కు పుట్టదు. 1610లో ఇంగ్లండులో ఆల్‌డ్రెడ్ కేసు నుంచి ఇదే మాట నడుస్తోంది: పొరుగువాడి నుంచి వచ్చే దుర్గంధం మీద దావా వేయొచ్చు, వాడు చూపు అడ్డుకున్నాడని వేయలేవు.

అందుకే తెలివైన కొనుగోలుదారు తన స్థలం పత్రాలతో పాటు ముందున్న స్థలం ఎవరిదో, మాస్టర్ ప్లానులో అది ఏ జోనో విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) దగ్గర తెలుసుకుంటాడు. ముందు రోడ్డు, పార్కు, అటవీ భూమి ఉంటే వ్యూ నిలుస్తుంది. ప్రైవేటు ఖాళీ స్థలం ఉంటే నిలవదు. విశాఖలో ఇంకో ప్రత్యేకత ఉంది. నగరంలోని విమానాశ్రయం నేవీ వారి ఐఎన్ఎస్ డేగా స్థావరం, చుట్టుపక్కల కట్టడాల ఎత్తుకు అనుమతి కావాలి. ఎత్తు పరిమితి ఉన్నచోట ముందు టవరు లేచే భయం తక్కువ, విమానాల చప్పుడు ఎక్కువ. రెండూ కలిపే ధర కట్టాలి.

బిల్డరు మాట ఇచ్చి తప్పితే మాత్రం రెరా చట్టం పనికొస్తుంది. ప్రకటనలో, బ్రోషరులో, మోడల్ ఫ్లాటులో చూపినదాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోతే, ఆ సమాచారం తప్పని తేలితే 12వ సెక్షను కింద పరిహారం అడగవచ్చు, వడ్డీతో సహా డబ్బు వెనక్కి కోరవచ్చు. కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన లేక్ ఫేసింగ్ కరపత్రాన్ని చెరిపేయకూడదు, ఇంటి పత్రాలతో పాటు దాచాలి. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని 13వ సెక్షను చెబుతోంది. కట్టడంలో లోపాలకు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లు బిల్డరుదే బాధ్యత. నీటి పక్కన ఇంటికి ఈ ఐదేళ్లు చాలా విలువైనవి, చెమ్మ, పగుళ్లు బయటపడేది అప్పుడే.

ఉప్పు, గాలి, వాసన

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 170 కిలోమీటర్లు దాటింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరింది, రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లకు జనం అల్లాడారు. సముద్రం వైపు పెద్ద అద్దాలు పెట్టుకున్న ఇళ్లలో అవి పగిలి లోపలి సామానంతా తడిసింది. ఆ తర్వాత కొనేవాళ్లు అద్దం మందం, ఫ్రేము బిగింపు, షట్టర్ల గురించి అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు మళ్లీ మరిచిపోతున్నారు.

సముద్రపు గాలిలో ఉప్పు ఇనుమును తినేస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీర వాతావరణంలో ఉన్న కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడు ఉండాలి, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలి. అలల తుంపర నేరుగా పడే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. స్టీలు తయారయ్యే ఊరే ఇది, ఊచలకు కొదవ లేదు. కవరు దగ్గరే మేస్త్రీలు పిసినారితనం చేస్తారు. పదేళ్లు దాటిన బీచ్ రోడ్డు అపార్టుమెంటు కొంటుంటే బాల్కనీ అడుగుభాగం పైకి చూడాలి. తుప్పు మరకలు, పెచ్చులు ఊడటం కనిపిస్తే బేరం అక్కడే ఆపొచ్చు.

చెరువు వైపు శత్రువులు వేరే. మురుగు చేరే చెరువులో గుర్రపుడెక్క పెరుగుతుంది, దోమలు వస్తాయి. బెంగళూరు బెల్లందూరు చెరువు 2017 ఫిబ్రవరిలో నీటి మీదే అంటుకుంది, పైన నురగ, చుట్టూ ఖరీదైన అపార్టుమెంట్లు. అక్కడ లేక్ వ్యూ బాల్కనీ తలుపు తీయలేని రోజులు ఉన్నాయి. చెరువులోకి ఏ గెడ్డలు కలుస్తాయి, వాటి ఎగువన ఏ కాలనీల మురుగు వస్తుంది అన్నది ఒక ఆదివారం నడిచి చూసుకోదగిన పని.

విశాఖలో పరిశ్రమల లెక్క కూడా చూసుకోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. మేఘాద్రిగెడ్డ జలాశయం అక్కడికి ఎంతో దూరంలో లేదు. పోర్టు బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి పాతనగరం ఇళ్ల మీద ఎంత పడుతుందో అక్కడున్న మన కుటుంబాలకు ఒకరు చెప్పనక్కర్లేదు. అమ్మకపు కుర్రాడు స్థలానికి దగ్గరలో ఉన్న స్కూళ్లు, ఆసుపత్రులు చెబుతాడు. దగ్గరలో ఉన్న ఫ్యాక్టరీలు, గాలి వీచే దిక్కు కొనేవాళ్లే చూసుకోవాలి.

డబ్బు, వక్ఫ్, జకాత్

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఎక్కువగా అమ్మేది లేక్ ఫామ్ ప్లాట్లు. ఫెమా నిబంధనల ప్రకారం ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐలు భారతదేశంలో ఇళ్లు, వాణిజ్య స్థలాలు కొనవచ్చు, వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. లేఅవుట్ అనుమతి లేని, ఇంకా వ్యవసాయ భూమిగానే ఉన్న ప్లాటును సౌదీలో కూర్చుని కొన్నవాడు రెండు చట్టాల మధ్య ఇరుక్కుంటాడు. తమ్ముడి పేరు మీద కొనేద్దామనుకునేవాళ్లు మిరాస్ సమయంలో ఏం జరుగుతుందో ముందే ఆలోచించుకోవాలి. తమ్ముడు పోతే ఆ స్థలం తమ్ముడి వారసులదిగానే లెక్కకొస్తుంది.

వడ్డీ వద్దనుకునే కుటుంబాలకు మన దేశంలో ఇస్లామీ బ్యాంకు లేదు. రఘురామ్ రాజన్ అధ్యక్షతన కమిటీ 2008లో వడ్డీ లేని బ్యాంకింగును సూచించినా, 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచనను పక్కన పెట్టింది. మిగిలింది సొంత డబ్బు, లేదా బిల్డరుకు నేరుగా వాయిదాల్లో కట్టడం. సరిగ్గా ఈ సందులోంచే ప్రీ లాంచ్ ఆఫర్లు వస్తాయి, వడ్డీ లేదు, హలాల్ అంటూ. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఇళ్లు దాటిన ప్రాజెక్టును రెరాలో నమోదు కాకుండా ప్రకటించడం, అమ్మడం నేరం. హలాల్ అన్న మాట ఆ నమోదుకు ప్రత్యామ్నాయం కాదు. 2019లో బెంగళూరులో ఐఎంఏ కుప్పకూలినప్పుడు ఆ మాట నమ్మినవాళ్లే రోడ్డున పడ్డారు.

ఇంకొక పరీక్ష మనవాళ్లు మరిచిపోకూడనిది. కొనబోయే స్థలం వక్ఫ్‌ది కాదు కదా? రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములతో పాటు వక్ఫ్ ఆస్తులూ ఉంటాయి. సర్వే నంబరు ఇచ్చి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడొచ్చు. అక్కడ కనిపించకపోయినా వక్ఫ్ బోర్డు గెజిటులో చూసుకోవడం మంచిది, జాబితాలు ఎప్పుడూ పూర్తిగా ఉండవు. మీభూమిలో అడంగల్, 1-బీ చూడాలి. అసలు పాత రికార్డులో ఆ నంబరు చెరువు పోరంబోకు, గెడ్డ పోరంబోకు అని ఉందేమో గ్రామ సచివాలయంలో, తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. ఎఫ్‌ఎంబీ స్కెచ్ తీసుకుని సర్వేయరుతో కొలిపించాలి. ముప్పై ఏళ్ల ఈసీ తీయించాలి. వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఆ ఇంటి ఒక్క సోఫా ఖరీదంత కూడా ఉండదు.

ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవాళ్లే ఒక శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాడు ఎన్‌ఆర్‌ఐ అయితే మినహాయింపు ఇంకా ఎక్కువ, చార్టర్డ్ అకౌంటెంటును అడగకుండా చెక్కు రాయకూడదు.

జకాత్ గురించి తరచూ అడిగే ప్రశ్న: రెండో ఇంటి మీద ఉంటుందా? ఉండటానికి కొన్న ఇంటి మీద లేదు, అది చెరువు ఒడ్డున ఉన్నా, ఎంత ఖరీదైనా. అద్దెకిస్తే ఆ అద్దె డబ్బు మిగిలి నిసాబుకు చేరి ఏడాది నిండితే దాని మీద ఉంటుంది. ధర పెరిగాక అమ్ముదామన్న నియ్యత్‌తోనే కొన్న ప్లాటు మాత్రం వ్యాపార సరుకు కింద లెక్క. దాని మీద ఏటా ఆనాటి మార్కెట్ విలువ ప్రకారం రెండున్నర శాతం ఇవ్వాలని ఉలమా చెబుతారు. కొన్న ధర ప్రకారం కాదు. లేక్ వ్యూ ప్లాటు ధర రెట్టింపైందని సంతోషించేవాళ్ల జకాత్ కూడా ఆ ఏడాది రెట్టింపే.